ఏ మారిస్?

డొరీన్ నాలుగో గుడ్డు కొట్టింది. పచ్చసొనని పెంకులోనే నిలిపి, తెల్లసొనని మాత్రం రేడియేటర్ మూతి లోపలికి జారవిడిచింది. కాసేపు ఇంజన్ తిప్పి ఆపింది కాబట్టి లోపలి నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. ఆ వేడికి తెల్లసొన ఉడికి, నీళ్ళతోపాటు తిరిగి తిరిగి, చిల్లు ఎక్కడుంటే అక్కడ బిరడాలా పడుతుంది. ఇంగ్లండులో, హాలిఫాక్స్ చుట్టుపక్కల పాత బండి ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలిసిన వైద్యమే ఇది. డొరీన్‌కి వాళ్ళమ్మ చెప్పింది. వాళ్ళమ్మకి కారు నడపడం రాదు గానీ గుడ్ల సంగతి బాగా తెలుసు.

మోకాళ్ళ మీద వంగి కిందికి చూసింది. నేల మీద పెట్టిన రొట్టెల రేకులోకి నీళ్ళు పడుతూనే ఉన్నాయి. నాలుగు గుడ్లు మింగి కూడా రేడియేటర్ ఏడుపు ఆపలేదు. వేలితో మెల్లగా తడిమితే దాని రేకులు నానిన బిస్కట్లలా ఊడి చేతికొచ్చాయి. ఈ బండి ఇన్నేళ్ళలో తిన్న గుడ్లు ఆమె తిన్నవాటికంటే ఎక్కువే. ఇవాళ మాత్రం వాటివల్ల కాలేదు.

"సరే, చావు," అంది దాంతో. పచ్చసొనలున్న గిన్నె మీద మూతపెట్టింది, సాయంత్రం వేపుకోవచ్చని.

డొరీన్‌కి అరవై నాలుగు. పొట్టి మనిషి, వెడల్పాటి అరచేతులు. ఆసుపత్రి లాండ్రీలో వేడి దుప్పట్లు మడిచి మడిచి బొటనవేళ్ళ చివర్లు పగిలిపోయాయి. జుట్టు తనే కత్తిరించుకుంటుంది, అందుకే ఓ పక్క పొడుగ్గా ఉంటుంది. కళ్ళద్దాలకి బూట్ల తాడు కట్టి మెడలో వేలాడేసుకుంటుంది. వీధిలో ఆమెని చూసి రెండోసారి తల తిప్పేవాళ్ళుండరు. ఈ ఆకుపచ్చ బండిలో కూర్చున్నప్పుడు మాత్రం అందరూ తిప్పుతారు. తిప్పి, ఇది ఎవరి బండమ్మా అని అడుగుతారు. ఆ ప్రశ్న అంటే ఆమెకి ఒళ్ళుమంట.

బండి ఆమెదే. కొన్నది కాదు, కట్టింది. పడవ పైభాగంలాంటి ఫైబర్ తొడుగొకటి, ఇనుప చట్రమొకటి తెప్పించుకుని, మిగతాదంతా పాత బండ్ల గుట్టల్లో ఏరుకొచ్చి, ఈ గ్యారేజీలోనే నాలుగేళ్ళు కూర్చుని కట్టింది. పొడుగు ముక్కు, రెండే సీట్లు, పైన కప్పు లేదు, పక్కన తలుపుల్లేవు.

గ్యారేజీ తలుపుకి నోటీసు అంటించి నెల దాటింది. ఫ్లాట్ల వెనకున్న పదకొండు గ్యారేజీలూ కూల్చేస్తారట. పది ఖాళీ అయిపోయాయి. ఇవాళ, గురువారం, సాయంత్రం ఐదింటికి ఆఖరు. ఆ పని చేయించే మేస్త్రీ నీల్ అనే అతను పోయిన వారం వచ్చి బండి చుట్టూ ఓసారి తిరిగాడు. మర్యాదస్తుడే. "కదిలితే బండి తల్లీ, కదలకపోతే చెత్త. రూలు నాది కాదు," అన్నాడు.

నాలుగు మైళ్ళ అవతల, కొండమీద, ఓ రైతు తన పశువుల కొట్టంలో మూల ఒకటి ఇస్తానన్నాడు. కానీ ఆ నాలుగు మైళ్ళూ నిట్టనిలువు ఎక్కుడు. నీళ్ళు నిలవని రేడియేటర్‌తో మొదటి మైలు కూడా దాటదు, ఇంజన్ కాలి బిగుసుకుపోతుంది. లారీ ఎక్కించి పంపించుకోవచ్చు కదా అన్నాడు పక్క ఫ్లాటాయన. లారీ ఎక్కించిన బండి మళ్ళీ దిగి నడవడం నేను చూడలేదంది డొరీన్. తన కాళ్ళమీద ఈ గ్యారేజీలోంచి బయటకొచ్చిన బండి తన కాళ్ళమీదే పోతుందంది. మొండిఘటం అని ఆయన గొణుక్కుంటూ పోయాడు. అందులో అబద్ధమేం లేదు.

పొద్దున్న ఏడింటికల్లా లాండ్రీలో ఉంది. ఇరవై ఆరేళ్ళుగా అదే బల్ల. అటు మనిషి రెండు కొసలు, ఇటు డొరీన్ రెండు కొసలు, దగ్గరకొచ్చి, కలిపి, వెనక్కెళ్ళి, మళ్ళీ దగ్గరకొచ్చి. పూటకి ఎన్ని వందల దుప్పట్లో ఎవరూ లెక్కపెట్టరు. ఎవరి కింద పరిచినవో, వాళ్ళు లేచి ఇంటికెళ్ళారో లేదో తెలీదు. మరకలుంటే పక్కన పడేస్తారు, లేకపోతే మడుస్తారు. చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే డొరీన్ బుర్ర రేడియేటర్ కోసం వెతుకుతోంది.

చేతులకి పనీ, బుర్రకి సెలవూ ఆమెకి కొత్త కాదు. అంతకుముందు పన్నెండేళ్ళు ఊళ్ళోని బిస్కట్ ఫాక్టరీలో పెట్టెలు సర్దింది. అది ఎనభై ఆరులో మూతపడింది. మిగతావాళ్ళు వెళ్ళేటప్పుడిచ్చిన డబ్బుతో పరదాలో సోఫాలో కొనుక్కుంటే ఈమె ఫైబర్ తొడుగు తెచ్చుకుంది. ఆడమనిషి కారు కడుతుందట, బిస్కట్లతో కడుతుందేమో అని మగవాళ్ళు నవ్వారు. ఆమె వినపడనట్టే ఉంది. నాలుగేళ్ళ తర్వాత వాళ్ళల్లో ఒకడు బస్సు కోసం వానలో నిలబడి ఉంటే పక్కనించి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది మాత్రం ఇప్పటికీ తలుచుకుని సంతోషిస్తుంది.

కడుతున్నన్నాళ్ళూ వాళ్ళమ్మ బోర్లించిన పాలసీసాల డబ్బా మీద కూర్చుని, ఒళ్ళో ఎర్ర అట్ట పుస్తకం పెట్టుకుని, కూతురు బండి కిందనుంచి అరిచి చెప్పిందల్లా రాసేది. ఏ భాగం ఏ బండిలోంచి వచ్చిందో రాసుకోకపోతే ఇలాంటి బండి కట్టినవాళ్ళ గతి అధోగతే. అది పాడైన రోజున కొట్టుకెళ్ళి ఏమని అడుగుతారు? అమ్మ పోయి పద్దెనిమిదేళ్ళయినా ఆ పుస్తకం అలాగే ఉంది. ఇంజన్: ఎస్కార్ట్. స్టీరింగ్: ట్రయంఫ్. అద్దం తుడిచే పుల్లలు: మినీ. రేడియేటర్: మారిస్.

ఆ మాట నమ్మే ఈ వారంలో డొరీన్ రెండు మారిస్ కారు రేడియేటర్లు తెచ్చింది. మొదటిది మరీ ఎత్తు, బానెట్ మూతపడదు. రెండోది వెడల్పు తక్కువ, గొట్టం రావలసిన పక్కన రాదు. అమ్మ రాతని అనుమానించడం ఆమెకి చేతకాలేదు. ఇంకేదో మారిస్ ఉండి ఉంటుందనుకుంది.

పన్నెండింటికి పని దిగి, టోపీ తీసి సంచిలో కుక్కి, అక్కణ్ణుంచే విడిభాగాల కొట్టుకి నడిచింది. ఊళ్ళో రేడియేటర్లు విప్పి, లోపలి గుండె మార్చి అతికే ముసలాయన ఒకప్పుడుండేవాడు. ఆయన కొట్టు ఇప్పుడు గోళ్ళకి రంగులేసే దుకాణం. మిగిలింది ఇదొక్కటే. కౌంటర్ వెనక మెడమీద పిచ్చుక పచ్చబొట్టున్న కుర్రాడు కంప్యూటర్లోంచి తలెత్తాడు.

"మీ ఆయనది ఏ బండి తల్లీ?"

"మా ఆయన ఇంకా పుట్టలేదు. బండి నాది. రేడియేటర్ కావాలి."

బండి నంబరు చెప్పమన్నాడు. చెప్పింది. వాడు కంప్యూటర్లో కొట్టి, చదివి వినిపించాడు: డెబ్భై నాలుగు నాటి ఎస్కార్ట్, గోధుమరంగు, నాలుగు తలుపులు. నంబరు ఇంజన్ దానమిచ్చిన బండిది కాబట్టి కంప్యూటరుకి ఆ చచ్చిన బండే తెలుసు.

"నా బండికి అసలు తలుపులే లేవు," అంది డొరీన్.

వాడు ఆమెని, కంప్యూటర్ని మార్చి మార్చి చూశాడు. అప్పుడామె సంచిలోంచి అట్టముక్క తీసి బల్లమీద పెట్టింది. రేడియేటర్ కొలతకి సరిగ్గా కత్తిరించిన అట్ట అది. ఎత్తు పదమూడు అంగుళాలు, చట్రానికి బిగించే చెవులు నాలుగు, గొట్టాలు ఎక్కడెక్కడ రావాలో పెన్సిలు గీతలు. ఎర్ర పుస్తకం కూడా తెరిచి చూపించింది. కుర్రాడికి జాలేసినట్టుంది. వెనక గదిలో సరుకు చూసే పెద్దాయన్ని కేకేసి, పాత మారిస్ రేడియేటర్ ఏదైనా ఉందేమో చూడమన్నాడు.

వెనకనించి విసుగ్గా జవాబొచ్చింది.

"మారిసా? ఏ మారిస్?"

ఆయన అడిగింది ఏ మోడలని. కానీ డొరీన్‌కి అది అలా వినపడలేదు. ఆమె చెయ్యి పుస్తకం మీద అలాగే ఆగిపోయింది.

ఈ ప్రశ్న అమ్మ అడగలేదు. అడిగి ఉంటే డొరీన్ బండి కిందనుంచి చెప్పేది, మన మారిస్, మారిస్ హెల్లివెల్ అని. ఇంగ్లీషులో మనిషి మారిస్‌ని ఒకలా, కారు మారిస్‌ని ఇంకోలా రాస్తారు. నోటితో అంటే మాత్రం రెండూ ఒకటే. పుస్తకం నిండా కార్ల పేర్లే రాస్తున్న అమ్మ, చెవిన పడ్డ మాటని కారు చేసి రాసేసింది. డొరీన్ ముప్పై ఏళ్ళ తర్వాత అది చదివి, అచ్చంగా నమ్మేసింది.

మారిస్ హెల్లివెల్ బిస్కట్ ఫాక్టరీలో మెకానిక్కు. ఆమె కారు కడుతుందంటే నవ్వనివాడు అతనొక్కడే. ఫాక్టరీ ఆఖరి రోజున గోదాములో పిండి బస్తాలెత్తే చిన్న బండ్లని పగలగొడుతుంటే, వాటిలో ఒకదాని రేడియేటర్ విప్పి, పిండి గోతాంలో చుట్టి, సైకిల్ మీద పెట్టుకుని గేటు దాటించాడు. గేటు మనిషి అదేంటని అడిగితే కేకు అన్నాడట. పొట్టిది, వెడల్పుది, రాయిలా గట్టిది. అసలు కారుదే కాదు. ఏ కారు పుస్తకంలో వెతికితే మాత్రం దొరుకుతుంది?

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. బండి పూర్తయిన రోజున మొదటి సవారీ నీదే అని అతనికి మాటిచ్చింది. తీరా ఆ రోజున అతను కొత్త పనిచోట షిఫ్టులో ఉంటే అమ్మ ఎక్కి కూర్చుంది. వచ్చే వారం అనుకుంది, ఆ పైవారం అనుకుంది. అంతలో అతను పనికోసం లీడ్స్ వెళ్ళి పదేళ్ళుండి వచ్చాడు. అప్పటికి మొహం చెల్లలేదు. కొండ దారిలో బస్సులో పోతున్నప్పుడల్లా అతని ఇల్లు వచ్చేసరికి రెండో పక్క కిటికీ చూసేది.

"మనిషి మారిస్," అంది కుర్రాడితో. అట్టముక్క, పుస్తకం సంచిలో వేసుకుని బయటికొచ్చేసింది.

మారిస్ ఇల్లు కొండ దారిలో, నల్లరాతి ఇళ్ళ వరసలో చివరిది. తలుపు తీసినామె పొడుగ్గా, సన్నగా, కుట్టుపని కళ్ళద్దాల్లోంచి చూస్తోంది. మారిస్ భార్య ఈనిడ్. ఆమెతో డొరీన్ ఎప్పుడూ మాట్లాడింది లేదు. మారిస్ ఉన్నాడా అని అడిగింది.

"ఫిబ్రవరిలో పోయాడమ్మా," అంది ఈనిడ్. చెప్పి చెప్పి అలవాటైన గొంతు. ఆసుపత్రిలో మూడు వారాలున్నాడని, ఊపిరితిత్తులని, ఎక్కువ బాధపడలేదని చెప్పింది.

డొరీన్ గడపమీద నిలబడిపోయింది. మూడు వారాలు. ఆ మూడు వారాలూ ఆమె ఆ ఆసుపత్రి నేలమాళిగలోనే ఉంది. అతని కింద పరిచిన దుప్పట్లు తన చేతుల మీదుగానే పోయి ఉంటాయి. దగ్గరకొచ్చి, కలిపి, వెనక్కెళ్ళి. పైకి మూడంతస్తులు ఎక్కితే చాలు, చూసి ఉండేది. తెలిస్తే కదా. ఇన్నేళ్ళూ కిటికీ రెండో పక్క చూసినదానికి ఎవరొచ్చి చెబుతారు? ఆమెకి తన మీద తనకే పట్టరాని కోపం వచ్చింది.

"నేను డొరీన్‌ని," అంది. "ఫాక్టరీలో..."

ఈనిడ్ కళ్ళద్దాలు తీసి, పైనుంచి కిందిదాకా చూసింది. లాండ్రీ గౌను, పగిలిన వేళ్ళు, ఓ పక్క పొడుగు జుట్టు.

"ఓహో, నువ్వేనా ఆ డొరీన్? ముప్పై మూడేళ్ళుగా నీ సామాను నా షెడ్డులో చోటు తింటోంది. రా, ముందు అది తీసుకుపో, టీ తర్వాత తాగుదువుగాని."

షెడ్డులో పై అరమీద పిండి గోతాం మూట ఉంది. దానిమీద గోడలకేసే రంగుతో డొరీన్ అని రాసి ఉంది. ఫాక్టరీలో ఆ చిన్న బండ్లు రెండున్నాయి. మారిస్ రెండు రేడియేటర్లూ విప్పాడు. ఒకటి ఇచ్చాడు, రెండోది దాచాడు.

మూట కిందకి దించుతూ ఈనిడ్ చెప్పుకుపోయింది. ప్రతి వసంతంలో షెడ్డు కడిగేటప్పుడు దాన్ని దించి, కెటిల్ నిండా నీళ్ళు పోసి కారుతోందేమో చూసి, మళ్ళీ ఎక్కించేవాడట. పారేద్దామంటే ఒప్పుకునేవాడు కాదట. "ఆ డొరీన్ గుడ్లు కొడుతూ కూర్చుంటుంది ఈనిడ్, గుడ్లు పనిచెయ్యని రోజున వస్తుంది, అనేవాడు. నిజం చెప్పనా, నాకు మొదట్లో అనుమానంగా ఉండేది. ఇదేదో ప్రేమకథ అనుకున్నా. ఇలాంటి మొద్దు ఇనుముతో ప్రేమేంటిలే అని ఊరుకున్నా."

డొరీన్ నవ్వబోయింది, ఏడుపొచ్చింది. గోతాం అంచుతోనే ముఖం తుడుచుకుంది, పాత పిండి వాసన కొట్టింది. అతనికి సవారీ మాటిచ్చి తప్పానని చెప్పేసింది. ఇప్పుడేం చేసినా లాభం లేదంది.

"అతనికి లాభం లేదు," అంది ఈనిడ్. "నాకుందిగా. ఆ బండి గురించి ఇంట్లో ఎంత విన్నానో నీకేం తెలుసు? ఇవాళ నాకింకేం పని లేదు."

ఆమె కొక్కేనికి ఉన్న మారిస్ గళ్ళ టోపీ తీసి తలమీద పెట్టుకుంది. చక్రాల కూరగాయల సంచిలో రేడియేటర్ని నిలబెట్టి, ఇద్దరూ రెండున్నర బస్సెక్కారు.

మూడున్నరకి నీల్ లారీ తీసుకుని, ఇద్దరు మనుషులతో వచ్చేశాడు. డొరీన్ అప్పటికి పాతది విప్పి గోడకి ఆనించింది. కొత్తది, అంటే అంతే పాతదైన రెండోది, చట్రంలోకి దించితే నాలుగు చెవులూ నాలుగు కన్నాల మీద పెట్టినట్టు టక్కుమని కూర్చున్నాయి. ఆ శబ్దానికి ఆమె కాసేపు కళ్ళు మూసుకుంది. కింది గొట్టం మాత్రం మొరాయించింది. రబ్బరు ముదిరి ఎక్కనంటోంది. వేడినీళ్ళు పోసింది, సబ్బు రాసింది, తిట్టింది. వేలు కోసుకుంది. నీల్ వచ్చి గడియారం చూసి, సాయం పట్టమంటారా తల్లీ అన్నాడు. అక్కర్లేదు, ఐదయ్యేదాకా ఇది నా గ్యారేజీయే, వెలుతురుకి అడ్డం తప్పుకోండి చాలంది. అతను తప్పుకున్నాడు.

పాలసీసాల డబ్బా మీద కూర్చున్న ఈనిడ్‌కి ఊరికే చూడటం విసుగెత్తింది. సంచిలో ఎర్ర పుస్తకం కనిపిస్తే ఇదేంటని అడిగింది. బండి కిందనుంచే డొరీన్ చెప్పింది. ఈనిడ్ పేజీలు తిప్పి, ఆ వరస దగ్గర ఆగింది.

"నా మొగుడి పేరు తప్పు రాశారు," అంది.

"దిద్దు మరి."

ఈనిడ్ పెన్సిలు నాలుకకి తడుపుకుని, కారు మారిస్‌ని కొట్టేసి, మనిషి మారిస్‌ని నెమ్మదిగా, ఒక్కో అక్షరం నొక్కి రాసింది. ఆ తర్వాత చాలాసేపు పుస్తకం మూయలేదు.

నాలుగూ నలభైకి గొట్టం లొంగింది. సీసాతో నీళ్ళు పోసి, మూత బిగించి, ఇంజన్ స్టార్ట్ చేసింది. ముగ్గురు మగవాళ్ళూ చేతులు జేబుల్లో పెట్టుకుని దగ్గరకొచ్చారు. డొరీన్ వేడి చూపే ముల్లుని చూస్తూ నిలబడింది. ముల్లు లేచింది, సగం దగ్గర ఆగింది, అక్కడే ఉంది. ఆమె వంగి రొట్టెల రేకులోకి చూసింది. పొడిగా ఉంది. ఇంకోసారి చెయ్యిపెట్టి తడిమి చూసింది.

ఒళ్ళు నొప్పులు, ఆకలి, తెగిన వేలు, ఏవీ ఆమెకి పట్టలేదు. మారిస్ ఉండుంటే ఏమనేవాడో తెలుసు. ఏమీ అనేవాడు కాదు, తలూపేవాడు.

"ఎలా ఎక్కాలి దీన్లోకి?" అంది ఈనిడ్. "తలుపేదీ?"

"లేదు. కాలెత్తి."

"డెబ్భై రెండేళ్ళ ముండమోపిని పట్టుకుని మగాళ్ళముందు కాలెత్తమంటావు!" అంది గానీ ఎత్తింది. నీల్ పరుగున వచ్చి చెయ్యందించాడు. సీట్లో సర్దుకుని, టోపీని చెవులదాకా లాక్కుని, రెండు చేతులతో ముందున్న కడ్డీ పట్టుకుంది. డొరీన్ ఆమె వైపు ఒకసారి చూసి మొహం తిప్పేసుకుంది. టోపీ కిందనుంచి ఆ గడ్డం ఒక్కటే కనిపిస్తుంటే ఎవరో వేరే మనిషి కూర్చున్నట్టుంది.

గేరు పడింది. బండి ఒక్కసారి కుదిపి, గ్యారేజీలోంచి తన కాళ్ళమీదే బయటికొచ్చింది. పది ఖాళీ గ్యారేజీల ముందునుంచి ఆ మోత వెళ్ళింది. ఫ్లాట్ల కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. నీల్ గ్యారేజీలోకి తొంగిచూసి, వెనకనించి అరిచాడు, గోడ దగ్గరున్నది కూడా మీదే కదా, తీసుకుపోరా అని.

డొరీన్ బండి ఆపలేదు, తల మాత్రం తిప్పింది.

"అది కదలదుగా నాయనా! నీ రూలే!"

మూల తిరిగారు. అక్కణ్ణుంచి కొండ ఎక్కుడు మొదలు. ఇంజన్ గొంతు మారడం, అది బలంగా, ఒక్క తీరున ఎక్కుతూ పోవడం కింద నిలబడ్డ ముగ్గురికీ చాలాసేపు వినపడింది. నీల్ అది ఆగుతుందేమోనని చూశాడు. ఆగలేదు.

ఆ తర్వాత లోపలికొచ్చి చుట్టూ చూశాడు. బోర్లించిన పాలసీసాల డబ్బా, మూతపెట్టిన గిన్నె, నూనె మరకలు. గోడకి ఆనించిన పాత రేడియేటర్ ఒళ్ళంతా తుప్పు, సగం రేకులు రాలిపోయాయి, ఉన్న నీళ్ళన్నీ కారిపోయాయి. దాని కింది మూల చిల్లులో ఉడికిన తెల్లసొన ముక్క ఒకటి పట్టు వదలకుండా ఇంకా అలాగే అంటుకుని ఉంది.